తోటలో తేమ చూడటానికి ఏ పరికరం కొనాలి? ఉద్దానం ఇసుకకి ఒకటి, బొబ్బిలి ఎర్రనేలకి ఇంకొకటి

నవంబరు దాటి వానలు తగ్గాక తోటలో నీళ్ళ లెక్క మొదలవుతుంది. ఎప్పుడు తడి పెట్టాలి, మోటారు ఎంతసేపు వెయ్యాలి అనేది ఇన్నాళ్ళూ అలవాటును బట్టి, పక్క తోట చూసి, కరెంటు వేళల్ని బట్టి నడిచిపోయింది. ఇప్పుడు నేలలో పదునును అంకెల్లో చూపే పరికరాలు వచ్చాయి. డ్రిప్పు డీలరు ఒకటి చెబుతాడు, యూట్యూబ్‌లో ఇంకొకటి కనిపిస్తుంది, ఊళ్ళో ఎవరో ఫోన్లో గ్రాఫు తీసి చూపిస్తారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కొబ్బరి, జీడి, మామిడి, అరటి, జామ వేసినవాళ్ళు వీటిలో ఏది తీసుకోవాలా అని ఆగిపోతే, ఇది వాళ్ళకోసం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒకే లోతులో పెట్టే ఖరీదైన యంత్రం కంటే రెండు లోతుల్లో పెట్టుకోగలిగే చవక పరికరం మేలు. ఇంకో మాట కూడా: బోరు లేదు, గెడ్డ నీళ్ళు అందవు, తోట పూర్తిగా వాన మీదే ఉంది అంటే ఏదీ కొనకండి. తేమ తగ్గిందని తెలిసినా మీరు చేయగలిగింది లేదు. ఆ డబ్బు పాదుల్లో ఆకు, చెత్త కప్పడానికో, చిన్న నీటి కుంటకో పెడితే ఫలితం ఉంటుంది.

## కొనేముందు తేల్చుకోవాల్సినవి

నేల. అన్నిటికన్నా ముందు ఇదే. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం ఇసుక నేల నీళ్ళు తాగేస్తుంది గానీ నిలుపుకోదు. బొబ్బిలి, బాడంగి, తెర్లాం వైపు ఎర్ర గరప నేల కాస్త పట్టి ఉంచుతుంది. ఈ తేడా ఎంతో లెక్క వేసుకోవచ్చు. ఇసుక నేల బాగా తడిసి, అదనపు నీరు దిగిపోయాక ఘనపరిమాణంలో సుమారు 10 శాతం తేమ మిగులుతుంది. 4 శాతం దగ్గర మొక్క వాడిపోతుంది. అంటే చెట్టుకి అందేది 6 శాతమే. అడుగు లోతు మట్టిలో అది 18 మిల్లీమీటర్ల నీరు. అందులో సగం అయ్యాక మళ్ళీ తడి పెట్టాలనుకుంటే చేతిలో ఉన్నది 9 మిల్లీమీటర్లు. ఎండాకాలంలో రోజుకి 5-6 మిల్లీమీటర్లు పోతుంటే రెండు రోజులు కూడా రాదు. ఎర్ర గరపలో తడి నిండినప్పుడు 18 శాతం, వాడే దగ్గర 8 శాతం అనుకుంటే, అదే అడుగు లోతులో 30 మిల్లీమీటర్లు ఉంటుంది. సగం వాడుకున్నా దాదాపు మూడు రోజులు నడుస్తుంది. ఇవి రమారమి అంకెలు. మీ తోటకి మీ అంకె ఎలా పట్టుకోవాలో కింద చెప్పాను.

వారానికోసారి చూసుకునే పరికరం ఇసుకలో ఎందుకు పనికిరాదో ఈ లెక్కే చెబుతుంది. మీరు చూసేలోపు తడి వచ్చి వెళ్ళిపోతుంది.

పంట. అరటి వేళ్ళు ఎక్కువ భాగం పై అడుగులోనే ఉంటాయి, కొంచెం ఎండినా గెల బరువు తగ్గుతుంది. మామిడి సంగతి వేరు. పూతకు ముందు రెండు మూడు నెలలు నీళ్ళు ఆపి చెట్టుకి విశ్రాంతి ఇవ్వాలి, పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్ళీ మొదలుపెట్టాలి, కోతకు రెండు మూడు వారాల ముందు మళ్ళీ ఆపాలి. అంటే మామిడికి కావలసిన పరికరం తడినే కాదు, పొడిని కూడా నమ్మకంగా చూపాలి. ఇక్కడే కొన్ని పరికరాలు చేతులెత్తేస్తాయి.

ఉప్పు. సముద్రానికి దగ్గర బోర్లలో నీళ్ళు ఉప్పగా మారే చోట, లేదా డ్రిప్పులో ఎరువులు ఎక్కువగా వదిలే చోట, కరెంటు సిగ్నలు మీద నడిచే సెన్సర్లు కొంత తప్పు చూపిస్తాయి. నీళ్ళ పీడనం మీద నడిచే టెన్షియోమీటర్‌కి ఈ బాధ లేదు.

మనిషి. రోజూ తోటకి వెళ్ళేది ఎవరు? మోటారు వేసేది ఎవరు? ఈ ఇద్దరూ ఒకరే అయితే పరికరం సాదాగా ఉన్నా చాలు. యజమాని విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉండి, తోట కాపలా మనిషి చేతిలో ఉంటే ఆలోచన మారుతుంది. ఉద్దానంలో ఇలాంటి ఇళ్ళు తక్కువేం కాదు.

## ఒకే అంకె, రెండు అర్థాలు

కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. టెన్షియోమీటర్ (నీళ్ళు నింపిన గొట్టం), వాటర్‌మార్క్ (మట్టిలో పాతే దిమ్మ) లాంటివి నేల నుంచి నీరు లాగడానికి వేరు ఎంత బలం పెట్టాలో సెంటీబార్లలో, అంటే పీడనం కొలతలో, చూపిస్తాయి. అంకె పెరిగితే నేల ఎండుతున్నట్టు. కెపాసిటెన్స్ సెన్సర్లు (కరెంటు సిగ్నలుతో కొలిచే కడ్డీలు) మట్టిలో నీరు ఎంత శాతం ఉందో చూపిస్తాయి. అక్కడ అంకె పెరిగితే తడి పెరిగినట్టు.

కవిటిలో కొబ్బరి తోట ఉన్న రైతు బొబ్బిలిలో ఉన్న బావమరిదికి ఫోన్ చేసి, "బావా, నాది ముప్పైకి వచ్చింది, మోటారు వెయ్యమంటావా?" అని అడిగాడనుకోండి. అటు వైపు శాతం చూపే సెన్సరు ఉంటే, "ముప్పై అంటే నిండా తడుంది, ఇప్పుడెందుకు?" అంటాడు. ఇద్దరూ తమ తోటలో కరెక్టే. కానీ ఇసుకలో 30 సెంటీబార్లంటే చెట్టు అప్పటికే దాహంతో ఉన్నట్టు. కాబట్టి పక్క ఊరివాళ్ళ అంకెను మీ తోటకి తెచ్చుకునే ముందు, అది ఏ కొలతో అడగండి.

సెంటీబార్లలో మోటు లెక్క ఇది. 10 లోపు ఉంటే నేల పూర్తిగా తడిసి ఉంది. 10 నుంచి 30 మధ్య చాలా నేలల్లో మంచి పదును. ఇసుకలో 20-25 దగ్గరే తడి పెట్టాలి, గరపలో 40-50 దాకా ఆగొచ్చు, బరువు నేలల్లో ఇంకాస్త ఆగొచ్చు.

## ఒక్కోటి ఎలా ఉంటుంది

చెయ్యి, గునపం. దీన్ని చిన్నచూపు చూడకండి. జానెడు లోతు మట్టి తీసి గుప్పిట్లో గట్టిగా నొక్కండి. ముద్ద కట్టి వేళ్ళ గుర్తులు పడి, అరచేయి చెమ్మగిల్లితే పదును బాగుంది. ముద్ద కట్టి, వేలితో తోస్తే విరిగితే తడి పెట్టే వేళ దగ్గర పడింది. ముద్దే కట్టకపోతే ఆలస్యమైంది. గరపలో ఇది బాగా పనిచేస్తుంది. ఇసుకలో ముద్ద ఎప్పుడూ సరిగ్గా కట్టదు కాబట్టి చెయ్యి మోసం చేస్తుంది. రెండడుగుల కింద ఏం జరుగుతోందో చెప్పలేదు. అయినా ఏ పరికరం కొన్నా మొదటి సీజను దీన్ని పక్కన పెట్టుకునే నేర్చుకోవాలి.

రంగు దీపాల కర్ర. కోయంబత్తూరులోని చెరకు ప్రజనన సంస్థ రూపొందించిన తేమ సూచిక ఇది. రెండు కడ్డీలు మట్టిలో గుచ్చితే నీలం, ఆకుపచ్చ, నారింజ, ఎరుపు దీపాలు వెలుగుతాయి. నీలమైతే తడి నిండుగా ఉంది, ఆకుపచ్చ చాలు, నారింజ తగ్గింది, ఎరుపు బాగా తగ్గింది. చదువు రాని కూలీకి కూడా ఒక పూటలో అర్థమవుతుంది, అదే దీని బలం. ఒకే పరికరంతో తోటంతా తిరిగి చూడొచ్చు. లోపం ఏమిటంటే చెట్టు వేరు అసలు నీరు తీసుకునే లోతుకి ఇది పూర్తిగా చేరదు, చూసిన రంగు ఎక్కడా నమోదు కాదు. అరటి, జామ, కూరగాయల అంతరపంటకి బాగుంటుంది. ముదురు మామిడికి సరిపోదు.

టెన్షియోమీటర్. నీళ్ళు నింపిన గొట్టం, అడుగున సన్న రంధ్రాల మట్టి కప్పు, పైన గేజ్. బ్యాటరీ లేదు, సిమ్ లేదు. నేల ఎండితే కప్పులోంచి నీరు లాగుతుంది, గేజ్ ముల్లు పైకి కదులుతుంది. నేను ఉద్దానం ఇసుకకి ముందు పేర్కొనేది దీన్నే. ఎందుకంటే ఇది నమ్మకంగా పనిచేసేది 80 సెంటీబార్ల దాకానే అయినా, ఇసుకలో చెట్టుకి అందే నీటిలో ఎక్కువ భాగం ఆ హద్దులోనే ఉంటుంది. బరువు నేలలో అలా కాదు, 80 దాటాక కూడా చెట్టుకి చాలా నీరు మిగిలే ఉంటుంది, పరికరం మాత్రం గాలి పీల్చుకుని ఆగిపోతుంది. మామిడికి నీళ్ళు ఆపిన నెలల్లోనూ ఇదే జరుగుతుంది. గొట్టంలో నీరు తెగి, ముల్లు సున్నాకి పడిపోతుంది. అది చూసి నేల తడిగా ఉందనుకునే ప్రమాదం ఉంది.

పాతేముందు కప్పును రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి. కప్పు సరిపడేంత సన్నగా కన్నం పొడిచి, అదే మట్టిని నీళ్ళతో జావలా కలిపి అడుగున పోసి, అందులో కప్పు కూర్చోబెట్టాలి. కప్పుకీ మట్టికీ మధ్య గాలి మిగిలితే అన్నీ తప్పు అంకెలే. వారానికోసారి గొట్టంలో నీళ్ళ మట్టం చూసి, తగ్గితే మరిగించి చల్లార్చిన నీళ్ళు పోయాలి. ఈ ఓపిక లేనివాళ్ళు దీన్ని కొనకండి.

వాటర్‌మార్క్ లాంటి దిమ్మలు. మట్టిలో పాతే చిన్న దిమ్మ, దానికి వైరు. చేతి మీటరుతోనో, అంకెల్ని దానంతటదే నమోదు చేసే లాగర్‌తోనో చూడొచ్చు. 200 సెంటీబార్ల దాకా చూపిస్తుంది, నీళ్ళు నింపే పని లేదు. లోపల జిప్సం ఉంటుంది కాబట్టి ఒక మోస్తరు ఉప్పును తట్టుకుంటుంది. బొబ్బిలి వైపు మామిడికి, జీడికి ఇదే నా ఎంపిక. ముతక ఇసుకలో మాత్రం వద్దు. ఇసుక దిమ్మను గట్టిగా అంటిపెట్టుకోదు, పైగా 10 సెంటీబార్ల లోపు మార్పును ఇది సరిగా పట్టుకోలేదు. ఇసుకలో ఆటంతా ఆ కింది అంకెల్లోనే ఉంటుంది.

కెపాసిటెన్స్ సెన్సరు. వేగం దీని గొప్పదనం. నీళ్ళు తగిలిన కొద్ది నిమిషాల్లో అంకె లేస్తుంది. ఒకే కడ్డీలో నాలుగైదు లోతులు చూపేవి కూడా ఉన్నాయి. కానీ పాతేటప్పుడు సందు వదిలితే, ఉప్పు పెరిగితే, నేల వేడెక్కితే అంకె కొంత తప్పుతుంది. ఫ్యాక్టరీలో వేసిన క్యాలిబ్రేషన్ (అంకెల సర్దుబాటు) మీ నేలకి అచ్చంగా సరిపోవాలని లేదు. శాతం ఎంత ఉందన్నది పక్కన పెట్టి, నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తేడా వచ్చిందో చూసేవాళ్ళకి ఇది బాగా ఉపయోగపడుతుంది.

ఫోన్‌కి పంపే యంత్రం. ఇది కొత్త సెన్సరేమీ కాదు. పైన చెప్పిన దిమ్మో, కెపాసిటెన్స్ కడ్డీయో పెట్టి, సోలార్ ప్యానెల్, సిమ్ లేదా రేడియో జత చేసి, అంకెల్ని యాప్‌కి పంపుతుంది. కొన్నిటికి వాన, ఎండ, గాలి తేమ కొలిచేవి కూడా ఉంటాయి. ఫసల్, ఫైలో లాంటి మన దేశపు కంపెనీలు తోట పంటలకి ఇలాంటివి అమ్ముతున్నాయి. అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే: లోపల ఉన్న సెన్సరు ఏది? డబ్బా ఎంత మెరిసినా అంకె నాణ్యత దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఆన్‌లైన్‌లో కొన్ని వందలకి దొరికే రెండు మొనల మీటరు గురించి ఒక్క ముక్క. తేమ, వెలుతురు, పీహెచ్ మూడూ చూపిస్తానంటుంది. కుండీల్లో మొక్కలకి సరదాగా వాడుకోండి, తోటకి వద్దు.

| పరికరం | ఏం చూపిస్తుంది | ఎక్కడ నప్పుతుంది | ఎక్కడ నప్పదు | ఖర్చు |
|---|---|---|---|---|
| చెయ్యి, గునపం | అంచనా | గరప, బరువు నేల | ఇసుక, లోతు వేళ్ళు | లేదు |
| రంగు దీపాల కర్ర | నాలుగు రంగులు | అరటి, జామ, అంతరపంట | ముదురు మామిడి, కొబ్బరి | తక్కువ |
| టెన్షియోమీటర్ | సెంటీబార్లు, 80 దాకా | ఇసుక, డ్రిప్పు, ఉప్పు నీళ్ళు | నీళ్ళు ఆపే కాలం, బరువు నేల | కొన్ని వేలు |
| వాటర్‌మార్క్ దిమ్మ | సెంటీబార్లు, 200 దాకా | ఎర్ర గరప, మామిడి, జీడి | ముతక ఇసుక | కొన్ని వేలు, మీటరు వేరే |
| కెపాసిటెన్స్ | శాతం | రోజూ డ్రిప్పు నడిచే తోట | ఉప్పు ఎక్కువున్న చోట | నాణ్యతను బట్టి బాగా మారుతుంది |
| ఫోన్ యంత్రం | లోపలి సెన్సరును బట్టి | దూరంగా ఉండే యజమాని, పెద్ద తోట | సిగ్నల్ లేని చోటు, చిన్న కమతం | పదుల వేలు, ఏటా సబ్‌స్క్రిప్షన్ |

## మీరు ఏ రకం?

ఉద్దానంలో డ్రిప్పు ఉన్న కొబ్బరి, దాని కింద అరటో పనసో ఉన్న రైతుకి రెండు టెన్షియోమీటర్లు చాలు. ఒకటి అడుగు లోతులో, ఇంకోటి రెండడుగుల లోతులో. పై గేజ్ ఎప్పుడు మోటారు వెయ్యాలో చెబుతుంది, కింది గేజ్ ఎప్పుడు ఆపాలో చెబుతుంది. పగలు తొమ్మిది గంటలు ఉచిత కరెంటు ఉన్నప్పుడు నీళ్ళు ఎక్కువైతే పోయేదేముంది అనిపిస్తుంది. పోయేది యూరియా, పొటాష్. కింది గేజ్ ముల్లు తడి పెట్టిన ప్రతిసారీ సున్నా వైపు పడుతోందంటే, మీరు డ్రిప్పులో వదిలిన ఎరువు వేళ్ళు దాటి దిగిపోతోందని అర్థం. ఉచితం కానిది అదే.

ఇసుకలో డ్రిప్పు నీరు అడ్డంగా పరుచుకోకుండా ముల్లంగి దుంపలా నిలువుగా దిగుతుంది. కాబట్టి డ్రిప్పర్‌కి జానెడు దూరంలోనే పాతాలి. రెండు జానలు జరిపితే పొడి మట్టిని కొలుస్తూ కూర్చుంటారు.

జీడికి పూత నుంచి గింజ కట్టేదాకా 15 రోజులకోసారి చెట్టుకి 200 లీటర్ల చొప్పున నీళ్ళు ఇవ్వడం సిఫారసులో ఉన్న పద్ధతి. అలా పాదుల్లో పోసేవాళ్ళకి యంత్రాలు అనవసరం. ఆ తడి మీ నేలలో ఎన్నాళ్ళు నిలిచిందో గునపంతో ఒకటి రెండుసార్లు చూసుకుంటే చాలు.

సువర్ణరేఖ, బంగినపల్లి మామిడి రైతు రెండు వాటర్‌మార్క్ దిమ్మలు తీసుకుని, రెమ్మల నీడ అంచుకి కాస్త లోపల, అడుగు లోతులో ఒకటి, రెండడుగుల లోతులో ఒకటి పాతాలి. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను వాన పడితే నేల పైన ఆరిపోయినా కింద తడి నిలిచిపోతుంది. చెట్టు పూతకు బదులు చిగురు వేస్తుంది. ఆ తడి ఎన్నాళ్ళుందో కింది దిమ్మ చెబుతుంది. వానని ఆపలేం గానీ, దాని మీద మళ్ళీ నీళ్ళు పెట్టకుండా, నత్రజని వెయ్యకుండా ఆగగలం.

అరటి, బొప్పాయి డ్రిప్పు మీద ఎరువుతో సహా నడిపేవాళ్ళకి కెపాసిటెన్స్ సెన్సరుకి పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది. ఎకరం, రెండెకరాలైతే దీపాల కర్రతో మొదలుపెట్టి, ఒక పంట చూశాక కావాలంటే పైకి వెళ్ళొచ్చు.

ఇక దూరంగా ఉండే యజమాని. ఫోన్ యంత్రం మీకోసమే, కానీ ఒక షరతు. ఊళ్ళో మోటారు వేసే మనిషి కూడా ఆ యాప్ చూడాలి, లేదా మొబైల్ స్టార్టర్ ఉండి మీరే మోటారు వెయ్యగలగాలి. హైదరాబాద్‌లో అంకె చూసి, ఊరికి ఫోన్ చేసి, అవతల ఎత్తక, టెన్షన్ పడటానికైతే అన్ని వేలు పెట్టడం దండగ. ఇంకోటి: ఇది తుఫాన్ల దారి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. స్తంభం మీది డబ్బాను, ప్యానెల్‌ను అరగంటలో విప్పి ఇంట్లో పెట్టుకునేలా ఉండాలి. హెచ్చరిక రాగానే ఆ పని చేసే మనిషిని ముందే అనుకోవాలి.

## మీ తోట అంకె పట్టుకోవడం

పరికరంతో వచ్చే పుస్తకంలో ఎక్కడ తడి పెట్టాలో రాసి ఉంటుంది. దాన్ని మొదటి వారానికే వాడండి.

తర్వాత ఇలా చెయ్యండి. సాయంత్రం తోటకి బాగా నీళ్ళు పెట్టండి. ఇసుకైతే ఒక రోజు, గరపైతే రెండు రోజులు ఆగి, పొద్దున్నే అంకె రాసుకోండి. అదే మీ నేల నిండుగా ఉన్నప్పటి అంకె. ఆ తర్వాత నీళ్ళు పెట్టకుండా రోజూ ఒకే వేళకి చూడండి. శాతాన్ని నమోదు చేసే సెన్సరైతే గ్రాఫు మెట్లలా దిగుతుంది: పగలు వేళ్ళు తాగుతాయి కాబట్టి దిగుడు, రాత్రి సమంగా. కొన్ని రోజులకి, ఎండ అలాగే ఉన్నా పగటి మెట్టు చిన్నదవుతుంది. చెట్టుకి నీరు సులువుగా అందడం లేదన్నమాట. ఆ అంకె కంటే కాస్త ముందే తడి పెట్టాలి. రాత్రి కూడా అంకె గబగబా దిగుతుంటే అది చెట్టు తాగడం కాదు, నీరు కిందికి జారిపోవడం.

గేజ్ ఉన్న పరికరమైతే అద్దం మీద మీ మంచి పదును హద్దులో ఆకుపచ్చ టేపు, తడి పెట్టాల్సిన చోట ఎర్ర టేపు అంటించండి. మోటారు షెడ్డు గోడ మీద సుద్దతో మూడు గళ్ళు గీయండి: తేదీ, అంకె, మోటారు నడిచిన గంటలు. పాలేరు, కొడుకు, కౌలుదారు ఎవరు వచ్చినా అదే గోడ చూస్తారు. యాప్ ఉన్నవాళ్ళకి కూడా ఈ గోడే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

ఒంటరిగా నేర్చుకోవడం కంటే నాలుగైదు తోటలవాళ్ళు కలిసి ఒకే తోటలో పాతి చూడటం చవక. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం వాళ్ళనో, మీ ఉద్యాన అధికారినో పాతే రోజున పిలవండి. కొన్న నెల తర్వాత పిలిస్తే, పాతిన చోటే తప్పని తేలి మళ్ళీ తవ్వాల్సి వస్తుంది.

## డబ్బు ఇచ్చేముందు అమ్మేవాణ్ణి అడగండి

సెన్సరు ఏ రకం, ఎన్ని లోతులు? సబ్‌స్క్రిప్షన్ ఆపేస్తే పాత అంకెలు నాకు కనిపిస్తాయా, కొత్తవి వస్తాయా? మా తోటలో ఏ కంపెనీ సిగ్నల్ ఉంటే పనిచేస్తుంది, ఆ సిమ్ రీఛార్జ్ ఎవరిది? ఎలుకలు వైరు కొరికితే ఒక్క వైరే మార్చొచ్చా, మొత్తం మార్చాలా? యాప్ తెలుగులో ఉందా? పాడైతే మనిషి విశాఖ నుంచి వస్తాడా, నేనే కొరియర్ చెయ్యాలా? టెన్షియోమీటర్ అయితే విడి కప్పు, విడి గేజ్ దొరుకుతాయా? వీటికి సమాధానాలు బిల్లు మీదే రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోకపోతే ఇంకో చోట చూడండి.